మరలో ముందు ఏం ఆడించారు?

సాయంత్రం మిక్సీ ఆపి మూత తీయగానే వెచ్చటి బియ్యప్పిండి వాసన ముఖానికి తగిలింది. బియ్యం నానబెట్టి, గుడ్డ మీద ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే పట్టిన పిండికి ఒక వాసన ఉంటుంది. పాలు కాగే ముందు వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది. అది సోకినప్పుడల్లా నాకు సుగుణ టీచర్‌గారి వంటగది గుర్తొస్తుంది. ఈ మిక్సీ ఆవిడదే. జారు పిడికి అప్పుడు చుట్టి ఉన్న ఎర్రదారం కూడా ఆవిడ కట్టిందే. సాయంత్రం చూసేసరికి ఆ దారం పీచులు పీచులుగా విడిపోయి ఉంది. ఆవిడ పోయి ఈ వానాకాలానికి ఏడాది. పాప నిద్రపోయాక ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆవిడను చూడనివారి కోసం కొంచెం చెప్పాలి. అంబాజీపేట నుంచి అమలాపురం వెళ్ళే రోడ్డు పక్కన మా ఊరు. మా ఎదురిల్లు ఆవిడది. హైస్కూల్లో చాలా ఏళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎండ ఉన్నా లేకున్నా చేతిలో గొడుగు. వాళ్ళమ్మ పొలం కూలి. చర్చి సంఘం నడిపే హాస్టల్లో ఉండి చదువుకుని, ఆ ఇంట్లో మొదటి ఉద్యోగం చేసింది ఈవిడే. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. చిన్నపిల్లలను కూడా మీరు అనే పిలిచేవారు. క్లాసులో అల్లరి చేసినవాణ్ణి “తమరు బయటికి దయచేయండి” అనేవారట. బెత్తం కన్నా ఆ మాటకే ఎక్కువ భయపడేవాళ్ళమని ఆవిడ శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను ఆవిడ స్కూల్లో చదవలేదు. డిగ్రీ చేసి, కోడలిగా ఈ వీధికి వచ్చి, బిడ్డను చంకనేసుకున్నాక ఆవిడ దగ్గర చదువుకున్నాను.

మా పాప మేఘన రెండో ఏడు దాటాక ఎదగడం ఆగిపోయింది. కాళ్ళూ చేతులూ సన్నబడ్డాయి, పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. తరచూ విరేచనాలు. రక్తం తక్కువగా ఉందని టానిక్కులు రాశారు, సీసాలు ఖాళీ అయ్యాయి గానీ పిల్లకు రంగు రాలేదు. మావారు కువైట్‌లో డ్రైవరు. ఫోనులో పాప ముఖం చూసి “ఏం పెడుతున్నావు దానికి?” అని రోజూ అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే నేను బతుకుతున్నట్టు ఉండేది. అన్నంలో బలం లేదని అందరూ అన్నారు. మా అత్తగారు ఇంకో రుజువు కూడా చూపించారు. అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకోవడానికి పైరాష్ట్రాల నుంచి లారీలు వస్తాయి. “ఆ డ్రైవర్లని చూడమ్మాయ్, ఒక్కొక్కడూ గుమ్మానికి పట్టడు. రొట్టెలు తింటారు కాబట్టే కదా. అన్నం తిని మనమేం బలిసేం?” అనేవారు. నాకూ నిజమే అనిపించింది. చుట్టూ వరిచేలున్న ఊళ్ళో నా బిడ్డకు అన్నం తగ్గించేశాను. గోధుమరవ్వ జావ, నేతి చపాతీ, మాల్టు కలిపిన పాలు, కువైట్ నుంచి వచ్చిన బిస్కెట్లు. ఎంత పెడితే పాప అంత నీరసించింది. నీరసించేకొద్దీ నేను ఇంకా పెట్టాను.

ఒకరోజు మధ్యాహ్నం పాప మెట్ల మీద ఊరికే కూర్చుని ఉంది. టీచర్‌గారు గేటు దగ్గర ఆగి, గొడుగు ముడిచి, చాలాసేపు దాన్నే చూశారు.

“ఏంటమ్మా, మేఘనగారు ఆడుకోవట్లేదు?”

“ఓపిక ఉండట్లేదండి. బలానికి అన్నీ పెడుతున్నానండి.”

“అన్నీ అంటే?”

నేను కొంచెం గర్వంగానే జాబితా చదివాను.

“మరి అన్నం?”

“తగ్గించేసేనండి.”

ఆవిడ గొడుగు మొనతో నేల మీద ఏదో గీశారు. “నేను డాక్టర్ని కాదమ్మా. నాకూ ఇలాగే వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. కాకినాడలో పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళి, గోధుమ పడట్లేదేమో చూడమనండి. ఒక్కమాట. పరీక్షలు అయ్యేదాకా ఇప్పుడు పెట్టేవి మానిపించకండి. ముందే మానేస్తే పరీక్షలో ఏమీ లేదని వచ్చేస్తుంది. నేను అలాగే మానేసి వెళ్ళేను. రెండేళ్ళు పోయేయి.”

డాక్టరుగారూ అదే చెప్పారు. రక్తపరీక్ష, తరవాత గొట్టం వేసి చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూడటం. ఆ రోజులు నా జీవితంలో అన్నిటికన్నా బరువైనవి. ఇదే కారణమని లోపల తెలిసిపోతూ ఉండగా, చపాతీ ముక్క తుంచి నా చేత్తోనే దాని నోట్లో పెట్టాను. పాప నమ్మకంగా నోరు తెరిచేది. చివరకు సీలియాక్ అని తేలింది. దీనికి మందు లేదన్నారు. గోధుమ, బార్లీ, వాటితో చేసినవి జీవితాంతం ముట్టకూడదు. ముట్టకుండా ఉంటే లోపల దెబ్బతిన్నది మళ్ళీ బాగుపడుతుంది, పిల్ల అందరిలాగే ఎదుగుతుంది. ఇది మంచి కబురే. కానీ బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఒక్కటే వినిపించింది. నేనే పెట్టాను.

మర్నాడు టీచర్‌గారి ఇంటికి వెళ్ళి ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. “మీ ఇంట్లో మైదా ఉందా? ఓ గుప్పెడు ముద్ద చేసి, ఓ గిన్నెలో మా బియ్యప్పిండి కూడా పట్టుకెళ్ళి, మీ పెరటి పంపు దగ్గరికి పదండి” అన్నారు. మైదాముద్దను పంపు కింద పట్టుకుని పిసుకుతూ కడగమన్నారు. తాను మాత్రం రెండడుగుల దూరంలో నిలబడ్డారు. తెల్లటి నీళ్ళు పోయాయి, పోయాయి, ఇక అంతా కొట్టుకుపోతుందనుకున్నాను. పోలేదు. అరచేతిలో నమిలి ఊసిన బబుల్‌గమ్ లాంటి జిగురుముద్ద మిగిలింది. లాగితే సాగింది.

“గ్లూటెన్ అంటే అదేనమ్మా. చపాతీ సాగేదీ, బ్రెడ్డు పొంగేదీ దానివల్లే. అది చెడ్డది కాదు. మీరు తింటే అరిగిపోతుంది. పేగు లోపల తువ్వాలు మీద నూగులాంటిది ఉంటుంది, తిన్నదాంట్లో సారం పీల్చేది అదే. మా ఇద్దరికీ, అంటే నాకూ మేఘనగారికీ, ఆ జిగురు తగిలితే ఒళ్ళు శత్రువొచ్చిందనుకుని తన నూగుని తనే కాల్చేసుకుంటుంది. ఇంక మీరు నెయ్యి పెట్టినా, గుడ్డు పెట్టినా ఒంటికి ఎలా పడుతుంది?”

తరవాత బియ్యప్పిండి ముద్దను కడగమన్నారు. అది మొత్తం నీళ్ళలో కలిసిపోయి చెయ్యి ఖాళీ అయింది.

“ఈ జిగురు కడక్కముందు మీకు కనిపించిందా?”

“లేదండి.”

“మరి కనిపించనిదాని గురించి ఏడవకండి. ఇప్పుడు కనిపించింది. ఇంక చూసుకోండి. చేతులు సబ్బుతో కడుక్కుని రండి, గోళ్ళల్లో కూడా.”

చూసుకోవడం అంటే ఏమిటో వారం రోజులు మా వంటింట్లో నేర్పారు. రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, మాల్టు నాకే తెలుసు. ఇంగువ డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవమంటే, మైదా కలిపారని ఉంది. మా పప్పు తాలింపులో రోజూ వేస్తున్నది అదే. చపాతీ పెనం మీద అట్టు వేయకూడదు. గోధుమపిండి జల్లించిన జల్లెడ మళ్ళీ వాడకూడదు, ఎంత కడిగినా కన్నాల్లో ఉండిపోతుంది. వినేకొద్దీ నా ముఖం ఎలా మారిందో గానీ, ఆవిడ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మిగిలినవి చెప్పడం మొదలుపెట్టారు. అన్నం, పప్పు, గుడ్డు, చేపల పులుసు, చోడి (రాగి) జావ, దిబ్బరొట్టె, పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు. “మేఘనగారూ, మీకు కాజా లేదు గానీ పూతరేకు ఉంది. బియ్యంతో చేసిందే కదా. మన కోనసీమలో పుట్టి మీరేం నష్టపోలేదు.” నేను బలం లేదని పక్కకు నెట్టిందే నా బిడ్డకు బలమైంది.

వేరే కంచం, వేరే గరిటె, వేరే పెనం పెట్టి, గుర్తుకు ఎర్రదారం కట్టమన్నప్పుడు మాత్రం నా చెయ్యి ఆడలేదు. ఉన్న ఒక్కగానొక్క పిల్లకు వేరు కంచమా అన్నాను. ఆవిడ దారం ఉండ చేతిలోకి తీసుకున్నారు.

“మా అమ్మ కోతలకి వెళ్తే కామందుగారి పెరట్లో, చూరు కింద, ఆవిడకి ఓ గ్లాసు ఉండేదమ్మా. నేనూ దాంతోనే తాగేను. వేరు పెట్టడం అంటే ఏంటో నాకు తెలుసు. ఆ గ్లాసు మేం లోపలికి రాకుండా పెట్టేరు. ఈ కంచం పిల్ల మీ అందరి మధ్యా కూర్చుని భయం లేకుండా తినడానికి పెడుతున్నారు. కట్టండి.”

కట్టాను. మూడు నెలలు తిరిగేసరికి పాప బుగ్గలు నిండాయి. ఒకరోజు టీచర్‌గారి గొడుగు కనపడగానే మెట్లు దిగి గేటు దాకా పరుగెత్తింది. ఆవిడ పాపను పలకరించి, నా వైపు చూడకుండా గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయారు. కళ్ళు తుడుచుకోవడం కనిపించింది.

తరవాత జూన్‌లో పాపను బడిలో వేశాం. పదిహేను రోజులకే పొట్ట మళ్ళీ ఉబ్బింది, విరేచనాలు మొదలయ్యాయి.  వంటిల్లు నా చేతిలోనే ఉంది, డబ్బా నేనే కడుతున్నాను. ఇంక ఎవరు? మా అత్తగారి బీరువాలో కువైట్ బిస్కెట్ల డబ్బా ఉందని నాకు తెలుసు.

“మీరే పెట్టుంటారు అత్తయ్యా. అది అడిగితే కాదనలేరు మీరు.”

ఆవిడ చేస్తున్న పని ఆపి నా వైపు చూశారు. “నేను పెట్టేనా?”

“మీకు ముందునుంచీ నమ్మకం లేదు కదా. వేలెడంత బిస్కెట్టుకి ఏమవుతుందిలే అని మొన్న మీరే అన్నారు.”

“అన్నాను. అనడం వేరు. నా మనవరాలికి తెలిసి తెలిసి విషం పెడతానా అమ్మాయ్?”

మర్నాడు పొద్దున్నే సంచీ సర్దుకుని మామిడికుదురులో ఉన్న మా ఆడపడుచు ఇంటికి ఆటోలో వెళ్ళిపోయారు. పాప రోజంతా నాయనమ్మ ఏదని అడిగింది. నాకు బాధగా ఉన్నా, దోషి దొరికినట్టు ఒక నిమ్మళం కూడా ఉంది. అది ఒప్పుకోవాలి.

మెచ్చుకుంటారనే ఆశతో టీచర్‌గారికి చెప్పాను.

“పెట్టడం మీరు చూసేరా?”

“లేదండి.”

“ఆవిణ్ణి అడిగేరా?”

“అడిగేనండి.”

“అడగలేదమ్మా. చెప్పేరు.” ఆ మాట అని, క్లాసులో లెక్క తప్పినవాణ్ణి మళ్ళీ మొదటికి తెచ్చినట్టు మొదలుపెట్టారు. “ఎప్పట్నుంచి? అప్పుడు కొత్తగా ఏం మారింది?”

బడి వచ్చింది. డబ్బా వచ్చింది. అందరి పిల్లలూ చపాతీ తెస్తుంటే పాప చిన్నబోకూడదని, బియ్యం మరకు ఇచ్చి పిండి పట్టించి, రొట్టెలు, జంతికలు చేసి పెడుతున్నాను.

“మరలో మీకు ముందు ఏం ఆడించేరు?”

“కారం కాదండి. చూసుకునే పోయించేను.”

ఆవిడ లేచి గొడుగు తీసుకున్నారు. మర దగ్గర తలుపు పక్కన ఇద్దరం నిలబడ్డాం. ఒకావిడ గోధుమలు పోయించుకుని వెళ్ళింది. వెనక వచ్చినావిడ, “కారం గానీ ఆడించేవా బాబూ?” అని అడిగి, కాదని చెప్పాక, బియ్యం అదే మిషన్లో పోయించింది. ఆ పిండి మొదటి దోసెడు కొంచెం గోధుమరంగు తిరిగి దిగింది. నేను చూస్తూనే ఉన్నాను. మా ఊళ్ళో ఏ ఆడది మరకు వెళ్ళినా కారం గురించి అడుగుతుంది. గోధుమ గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

టీచర్‌గారు మర నడిపే సత్తిబాబును పిలిచారు. “ఏవండీ, ముందువాళ్ళ పిండి వెనకవాళ్ళ దాంట్లో కలవదా?”

“ఎందుకు కలవదండి. కారానికి వేరే మిషనుంది గానీ పిండులన్నిటికీ ఇదొక్కటేనండి. ముందువాళ్ళది గుప్పెడు మీకొస్తాది, మీది గుప్పెడు వెనకవాళ్ళకి పోద్ది. ఎవరికీ నష్టం లేదు కదండీ.”

“ఆయ్, నష్టం లేదండి” అన్నారు ఆవిడ, చాలా మెల్లగా.

తిరుగుదారి పట్టాం. కాలవ గట్టు మీద నడుస్తూ ఆవిడే మాట్లాడారు. తన జబ్బేమిటో తెలిసిన కొత్తలో, చర్చిలో నెలకోసారి బల్ల, అంటే ప్రభువు పేర పంచే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చేటప్పుడు రొట్టె పళ్ళెం తన దగ్గరికి వస్తే ముట్టకుండా పక్కవారికి అందించేవారట. వివరించడానికి మొహమాటం. ఏడాది పైగా అలా గడిచింది.

“మాలో బల్ల ముట్టలేదంటే ఒకటే అర్థమమ్మా. లోపల ఏదో పాపం ఉండుండాలి, లేకపోతే ఎవరినో క్షమించలేక ఉండుండాలి. ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. మా ఆయన పోయిన కొత్త కూడాను. నేను చదువు చెప్పిన పిల్లల తల్లులే నా పక్కన కూర్చోడం మానేసేరు. చివరికి మరియమ్మని ఒక ముసలావిడ, ఊడ్పులకి వెళ్ళేది, బయట చెప్పులేసుకుంటుంటే నా రెక్క పట్టుకుని, ‘ఏమ్మా, ఆ రొట్టె నీకు పడదా?’ అంది. అంతే. అన్నాళ్ళూ ఆ మాట ఎవరూ అడగలేదు. పై నెలకి పాస్టరుగారిని ఒప్పించి, కొత్త పెనం కొని, బియ్యప్పిండి రొట్టె కాల్చి నా కోసం వేరే పళ్ళెంలో తెచ్చింది.”

గట్టు దిగాక గొడుగు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నారు. “మీ అత్తగారిని, నలుగురూ నన్ను కూర్చోబెట్టినచోట కూర్చోబెట్టకండి.”

ఆ మధ్యాహ్నమే పాపను తీసుకుని మామిడికుదురు వెళ్ళాను. మా అత్తగారు పెరట్లో కొబ్బరీనెలు చీలుస్తున్నారు. తలెత్తలేదు. మర సంగతి అంతా చెప్పాను. ఆవిడ విని, ఇంకో ఆకు తీసుకున్నారు.

“అయితే పెట్టింది నేను కాదన్నమాట.”

“కాదండి.”

“నువ్వే పెట్టేవన్నమాట.”

“ఆయ్. నేనేనండి. తప్పయిపోయింది అత్తయ్యా.”

“ఆ డబ్బాకి సీలు కూడా తియ్యలేదే పిల్లా. ఇక్కడికి తెచ్చి మీ ఆడపడుచు పిల్లలకిచ్చేసేను. ఇంట్లో ఉంటే నా చెయ్యి ఎప్పుడు జారుతుందో అని నాకే భయమేసింది.” కత్తి పక్కన పెట్టి పాపను దగ్గరికి లాక్కున్నారు. “చిక్కిపోయిందే తల్లి. నువ్వు టీ తాగుతావా అమ్మాయ్? పాలూ టీపొడే, ఇంకేం లేవు అందులో.”

ముగ్గురం కలిసే ఇంటికి వచ్చాం. మర్నాడు టీచర్‌గారు ఈ మిక్సీ తెచ్చి మా వంటగట్టు మీద పెట్టారు. తన దగ్గర ఇంకోటి ఉందన్నారు. తరవాత ఎప్పుడో వాళ్ళింటికి వెళ్తే, చట్నీలు చేసుకునే బుల్లి జారులో, గుప్పెడు గుప్పెడుగా బియ్యం పోసి పిండి చేసుకుంటున్నారు. నేను చూశానని ఆవిడకు తెలిసింది. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

పోయిన వానాకాలంలో నిద్రలోనే గుండె ఆగి పోయారు. జ్ఞాపకార్థ కూడికకు మేమూ వెళ్ళాం. ప్రార్థన అయ్యాక భోజనాలు వడ్డిస్తుంటే నేను పాపతో ఒక మూల తటపటాయిస్తూ నిలబడ్డాను. చావింట ఇవన్నీ అడగడం ఎలా? ఈలోగా మా అత్తగారు కొంగు బిగించి వంటపాకలోకి వెళ్ళి, “ఏవండీ, పప్పు తాలింపులో ఏ ఇంగువ వేసేరు? డబ్బా ఉంటే ఓసారి చూపిస్తారా, మా పిల్ల చదువుతుంది” అంటున్నారు. వంటాయన విసుక్కోలేదు. “టీచరమ్మగారి వంటండి ఇది. ఇంగువే వెయ్యలేదు” అన్నాడు.

ఇవాళ సాయంత్రం బడి నుంచి రాగానే పాప కడుపునొప్పి అంది. ఆరేళ్ళు నిండాయి, ఎదిగింది, అయినా ఆ మాట వింటే నాకు ఇప్పటికీ భయం. మిక్సీ తుడుస్తున్నదాన్ని, తల తిప్పి మా అత్తగారి వైపు చూశాను. ‘మీరేం పెట్టారు’ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇన్నాళ్ళయినా మొదట వచ్చేది అదే. గొడుగు మొన నేల మీద గీస్తున్న చప్పుడు విన్నట్టయి, ఆ మాట మింగి పాప దగ్గర కూర్చున్నాను.

“ఏం తిన్నావమ్మా ఇవాళ?”

“జామకాయలు.”

“ఎన్ని?”

వేళ్ళు మడిచి లెక్కపెట్టి, చాలక రెండో చెయ్యి తీసింది. పచ్చివట. బడి గోడ అవతల చెట్టువట. మా అత్తగారు వాము, ఉప్పు నలిపి తెచ్చి పాప చేతిలో పెట్టారు. నేను లోపలికి వెళ్ళి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను.

తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి మా అత్తగారు గట్టు దగ్గర నిలబడి, పీచులైన పాత దారం కత్తెరతో తీసేసి, మిక్సీ జారు పిడికి కొత్త ఎర్రదారం చుడుతున్నారు. చత్వారం కదా, ముడి తడుముకుంటూ వేశారు. ఆవిడ పడుకున్నాక వెళ్ళి పట్టుకు చూశాను. కొంచెం వదులుగా ఉంది. నేను మళ్ళీ బిగించలేదు.